బండి మీది తిండి, బండిలోకి తిండి

అనంతపురంలో పొద్దున ఏడు గంటలకు ఏ పెద్ద వీధిలో నిలబడినా ఇది కనిపిస్తుంది. రోడ్డు వారగా తోపుడు బండి, దాని మీద పెద్ద గిన్నెలో ఉగ్గాని, పక్కన బాణలిలో మిరపకాయ బజ్జీలు. మోటారు సైకిల్ మీద వచ్చినాయన ఇంజను ఆపడు, ఒక కాలు నేలకానించి "రెండు ఉగ్గాని బజ్జి పార్సిల్" అంటాడు. రెండు నిమిషాల్లో పొట్లం హ్యాండిల్‌కు తగులుకుంటుంది, బండి కదిలిపోతుంది. బండి దిగకుండా తిండి తీసుకుపోవడం అంటే ఇదే. అమెరికాలో దీనికి గోడలూ కిటికీలూ కట్టి డ్రైవ్‌త్రూ అన్నారు.

ఉగ్గాని బండికీ, కారు కిటికీలోకి బర్గరు అందించే రెస్టారెంటుకూ అసలు తేడా తిండిలో లేదు, జాగాలో ఉంది. తోపుడు బండికి మంచం పట్టేంత చోటు చాలు. డ్రైవ్‌త్రూకు కార్లు లోపలికి వచ్చే దారి ఒకటి, బయటికి పోయే దారి ఒకటి కావాలి. ఆర్డరు చెప్పే చోటు, డబ్బు కట్టే కిటికీ, పొట్లం అందుకునే కిటికీ కావాలి. వీటన్నిటి వెనకాల వరసగా నిలబడే కార్లకు చోటు కావాలి. ఆ చోటు ప్లాటు లోపల లేకపోతే వరస రోడ్డు మీదికి వస్తుంది. కాబట్టి ఇలాంటి హోటల్ ఎక్కడ ఉండొచ్చు, ఎక్కడ ఉండకూడదు అన్నది యజమాని ఒక్కడు తేల్చుకునే సంగతి కాదు. ఆ వీధిలో నడిచే ప్రతి మనిషికీ అందులో మాట చెప్పే హక్కు ఉంది.

హైదరాబాద్, బెంగళూరుల్లో డ్రైవ్‌త్రూలు వచ్చి చాలాకాలమైంది. అనంతపురం ఆ రెండిటినీ కలిపే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. బెంగళూరు ఇక్కడికి 210 కిలోమీటర్ల దూరం, హైదరాబాద్ 360. ఎటు నుంచి బయల్దేరినా ఆకలి వేళకు కారు మన జిల్లాలోనే ఉంటుంది. కార్లు మనకు దూరపు సంగతీ కాదు, 2019 నుంచి పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు తయారవుతున్నాయి. డ్రైవ్‌త్రూ ఎక్కడ ఉండాలన్న ప్రశ్న మన గుమ్మం ముందుకు వచ్చాక ఆలోచించడం కంటే ముందే అర్థం చేసుకోవడం మంచిది.

మన ఊళ్ళలో ఏ భూమిలో ఏ పని చేయొచ్చో చెప్పేది మాస్టర్ ప్లాన్. అనంతపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటి 1920 నాటి పట్టణ ప్రణాళిక చట్టం దీనికి పాత పునాది. ఇప్పుడు 2016లో వచ్చిన పట్టణాభివృద్ధి సంస్థల చట్టం ఉంది, దాని కింద అనంతపురం-హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ, అంటే మనం పత్రికల్లో చదివే అహుడా ఉంది. ప్లాను పటంలో ఒక్కో వాడకానికి ఒక్కో రంగు వేస్తారు. దేశంలో మామూలుగా ఇళ్ళకు పసుపు, వ్యాపారానికి నీలం, పరిశ్రమలకు ఊదా, బడులకూ ఆస్పత్రులకూ ఎరుపు, పార్కులకు ఆకుపచ్చ. జోనింగ్ అంటే ఇంతకు మించి బ్రహ్మవిద్య ఏమీ కాదు. అయితే ఈ రంగులకు ఒక పరిమితి ఉంది. నీలం వేసిన చోట బట్టల అంగడి పెట్టొచ్చు, మెస్సు పెట్టొచ్చు, పెద్ద రెస్టారెంటూ పెట్టొచ్చు. ఆ అంగడికి జనం నడిచి వస్తారా, కార్లలో వచ్చి వరస కడతారా అన్నది రంగును బట్టి తెలియదు. డ్రైవ్‌త్రూ విషయంలో తేలాల్సింది సరిగ్గా అదే.

చిన్న లెక్క వేద్దాం. మన దగ్గర తిరిగే చిన్న కార్లు ఎక్కువగా నాలుగు మీటర్ల లోపు ఉంటాయి. ముందూ వెనకా ఖాళీ కలుపుకుంటే వరసలో ఒక్కో కారుకు ఆరు మీటర్లు పోతాయి. కిటికీ దగ్గర ఒక్కో కారుకు మూడు నిమిషాలు పట్టిందనుకోండి, గంటలో ఇరవై కార్లు బయటపడతాయి. ఆదివారం సాయంత్రం గంటకు ముప్ఫై వస్తే? గంట తిరిగేసరికి పది కార్లు మిగిలిపోతాయి. అంటే అరవై మీటర్ల వరస. సుభాష్ రోడ్డులోనో, సప్తగిరి సర్కిల్ దగ్గరో ఈ అరవై మీటర్లను ఊహించుకోండి. ఆటో ఎక్కడ నిలబడాలి? ఆస్పత్రికి పోయే అంబులెన్స్ ఏ సందులోంచి పోవాలి?

వరస కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఫుట్‌పాత్. లోపలికి ఒకటి, బయటికి ఒకటి, డ్రైవ్‌త్రూ కోసం ఫుట్‌పాత్‌ను రెండు చోట్ల కోయాలి. బయటికి వచ్చే డ్రైవరు చేతిలో పొట్లం ఉంటుంది, కళ్ళు రోడ్డు మీద వచ్చే వాహనాల వైపు ఉంటాయి. ఫుట్‌పాత్ మీద వచ్చే బడిపిల్లను చూడడు. మన ఊళ్ళో ఉన్న ఫుట్‌పాతే అంతంత మాత్రం. ఉన్న ఆ కాస్తనీ కోసి ఇచ్చే ముందు ఎవరి కోసం ఇస్తున్నామో అడగాలి. 2011 జనాభా లెక్కల నాటికి నగరంలో ఉన్నది సుమారు 2.6 లక్షల మంది. వాళ్ళలో కారు ఉన్నవాళ్ళ కంటే నడిచేవాళ్ళూ, బస్సు ఎక్కేవాళ్ళూ, మోటారు సైకిల్ నడిపేవాళ్ళూ ఎన్నో రెట్లు ఎక్కువ అని చెప్పడానికి సర్వే అక్కర్లేదు. ఆర్టీసీ బస్టాండు ముందు పది నిమిషాలు నిలబడితే చాలు.

ఈ పద్ధతి పుట్టిన చోట ఏమైందో చూద్దాం. కాలిఫోర్నియాలోని బాల్డ్విన్ పార్క్ అనే చిన్న ఊళ్ళో 1948లో ఇన్-అండ్-అవుట్ అనే బర్గర్ల అంగడి మొదలైంది. కారులోంచే మైకులో ఆర్డరు చెప్పి కిటికీ దగ్గర పొట్లం అందుకునే పద్ధతిని మొదట వాడినవాళ్ళలో అది ఒకటి. అదే ఊరు 2010లో కొత్త డ్రైవ్‌త్రూలను కొన్ని నెలల పాటు ఆపేసింది. కార్ల వరసలతో రోడ్లు నిండిపోవడం అందుకు ఒక కారణం. 2019లో మినియాపొలిస్ నగరం ఇంకో అడుగు వేసి కొత్త డ్రైవ్‌త్రూలు ఊళ్ళో ఎక్కడా వద్దంది. నడిచేవాళ్ళ భద్రత, కార్ల పొగ అక్కడ ముఖ్యమైన కారణాలు. లాస్ ఏంజిలస్ దారి వేరు. 2008లో దక్షిణ భాగంలోని పేటల్లో జనం ఊబకాయం తగ్గాలని, విడిగా నిలిచే కొత్త ఫాస్ట్‌ఫుడ్ అంగళ్ళను అడ్డుకుంది. 2015లో రాండ్ సంస్థ పరిశోధకులు పరిశీలిస్తే ఊబకాయం తగ్గలేదని తేలింది. నాకు ఇందులో కనిపించే పాఠం ఇది: జోనింగ్‌తో వీధిని సరిచేయొచ్చు గానీ మనుషుల నాలుకను సరిచేయలేం. బర్గరు తినాలా, జొన్నరొట్టె తినాలా అన్నది మునిసిపాలిటీ తేల్చే పని కాదు. కారు ఎక్కడ ఆగాలో తేల్చడం మాత్రం దాని పనే.

మన చుట్టుపక్కల ఇంకో నమూనా ఉండేది, కారు కదలకుండా చెట్టు కింద ఆగితే సర్వరే ట్రే తెచ్చి ఇచ్చే డ్రైవ్-ఇన్. మద్రాసులో కెథెడ్రల్ రోడ్డు మీద ఉడ్‌ల్యాండ్స్ డ్రైవ్-ఇన్ 1962లో మొదలైంది. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న కాలానికి అది బాగా తెలిసిన పేరు. బెంగళూరులో ఎయిర్‌లైన్స్ హోటల్ అలాంటిదే, మర్రిచెట్టు నీడలో కార్లు ఆగేవి. ఇలాంటి చోట్ల రోడ్డు మీద వరస ఉండదు, తొందర ఉండదు. కానీ ఊరి నడిబొడ్డున అంత ఖాళీ నేల కావాలి. ఊరు పెరిగేకొద్దీ ఆ నేలను వేరే పనికి అడుగుతారు. ఉడ్‌ల్యాండ్స్ డ్రైవ్-ఇన్ 2008లో మూతపడింది. ఆ చోట ఇప్పుడు సెమ్మొళి పూంగా అనే పార్కు ఉంది, ఎవరైనా నడిచి వెళ్ళొచ్చు.

ఇక హైవే సంగతి. రోడ్డు పక్కన ఏ అంగడి ఎంత దూరంలో ఉండాలి అన్నదానికి మనం బాగా గుర్తుపెట్టుకున్న ఉదాహరణ మద్యం దుకాణాలది. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యం అమ్మకూడదని తీర్పు ఇచ్చింది. 2017 మార్చి ఆఖరులో చిన్న ఊళ్ళకు ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. ఈ లోపల కొన్ని రాష్ట్రాలు ఊళ్ళలోంచి పోయే హైవే ముక్కలకు హైవే అనే పేరే తీసేశాయి. ఆ తర్వాత, మునిసిపల్ హద్దుల లోపల ఈ ఆంక్ష వర్తించదని కోర్టే వివరణ ఇచ్చింది. ప్రాణాలు కాపాడాలన్న ఉద్దేశం గొప్పది. టేపు పెట్టి కొలిచే నియమానికి మాత్రం పక్కదారులు త్వరగా దొరుకుతాయి. డ్రైవ్‌త్రూకు కూడా "సర్కిల్‌కు ఇన్ని మీటర్లు" అని రాసి చేతులు దులుపుకుంటే అదే జరుగుతుంది. మీటర్లతో పాటు వరస ఎక్కడ ఉండాలి, ఫుట్‌పాత్ ఏమవుతుంది, రాత్రి లైట్లూ మైకు మోతా పక్కింటి మీద పడతాయా అన్నవి కూడా నియమంలో ఉండాలి.

జాతీయ రహదారికి ఇప్పటికే ఒక పద్ధతి ఉంది. 2002 నాటి చట్టం ప్రకారం హైవే భూమిని ఆక్రమించకూడదు, అనుమతి లేకుండా హైవేలోకి దారి తెరవకూడదు. పెట్రోలు బంకైనా, హోటలైనా వాహనం వేగం తగ్గించుకుని లోపలికి దిగడానికీ, మళ్ళీ వేగం పుంజుకుని కలవడానికీ పక్క వరసలు వేసుకోవాలి. 40 నుంచి 60 కిలోమీటర్లకు ఒకటి చొప్పున విశ్రాంతి కేంద్రాలు ఉండాలన్నది జాతీయ రహదారుల సంస్థ లెక్క. 2024 అక్టోబరులో కేంద్రం తెచ్చిన హమ్‌సఫర్ విధానంలో శుభ్రమైన మరుగుదొడ్లు, పసిపిల్లల తల్లులకు గది, చక్రాల కుర్చీ, విద్యుత్ వాహనాల చార్జింగ్ ఉన్నాయి. దూరప్రయాణంలో ఆడవాళ్ళు మరుగుదొడ్డి దొరకదని దాహాన్ని అణుచుకుని కూర్చోవడం చూసినవాళ్ళకు దీని విలువ తెలుసు.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. డ్రైవ్‌త్రూకు సరైన చోటు బైపాస్ మీద, పక్క వరసలతో, ప్లాటు లోపలే పది పన్నెండు కార్ల వరస పట్టేంత స్థలంలో. గడియార స్తంభం చుట్టూ, పాతూరులో, బడుల దగ్గర, బస్టాండు దారుల్లో వద్దు. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మన బైపాస్ ఇప్పుడు పూర్తిగా ఊరి బయట లేదు. సోములదొడ్డి, తపోవనం, రుద్రంపేట వైపు ఊరు దాన్ని దాటి పెరిగింది, జనం దాన్ని నడిచి దాటుతున్నారు. ఆ ముక్కల్లో ఊరి నియమమే ఉండాలి, హైవే నియమం కాదు. వృద్ధులకూ, కాలు కదపలేనివాళ్ళకూ కారులోంచే తిండి అందడం మేలు కదా అని కొందరు అంటారు. నిజమే. దానికి ప్రతి హోటల్ ముందూ ఒక కారు ఆగే చోటు కేటాయించి, లోపలి నుంచి మనిషి తెచ్చి ఇస్తే సరిపోతుంది. కార్ల వరస అక్కర్లేదు.

నీళ్ళ మాట చెప్పకుండా అనంతపురంలో ఏ విధానమూ పూర్తికాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. నగరానికి తాగునీళ్ళు పెన్నహోబిలం రిజర్వాయరు నుంచి పైపుల్లో రావాలి. బైపాస్ పక్కన వేరుశెనగ ఎండిపోయిన చేను అద్దెకిస్తే వానతో పనిలేని ఆదాయం వస్తుంది, ఆ రైతును తప్పు పట్టలేం. కానీ ఆ చేనంతా సిమెంటు పరిచి, వెయ్యి అడుగుల బోరు వేస్తే పక్క రైతు చీనీ తోట ఏమవుతుంది? అనుమతి ఇచ్చే కాగితంలోనే కడిగిన నీళ్ళను శుద్ధిచేసి మళ్ళీ వాడాలని, వాననీరు ఇంకే గుంత ఉండాలని, కార్ల వరస మీద వేప, కానుగ నీడ ఉండాలని రాయాలి. మే నెలలో నీడ లేని వరసలో ఎవరూ ఏసీ ఆపరు.

చివరిగా మళ్ళీ తోపుడు బండి దగ్గరికే రావాలి, ఎందుకంటే నియమం అనగానే మొదట కదిలించేది దాన్నే. 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, వీధిలో వ్యాపారం చేసుకోవడం కూడా రాజ్యాంగం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలో భాగమే, సబబైన ఆంక్షలు ఉండొచ్చు అంది. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి ఊళ్ళో పట్టణ వీధి విక్రయ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం వ్యాపారులే ఎన్నుకున్నవాళ్ళు ఉండాలి. అయిదేళ్ళకోసారి సర్వే చేయాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఊరి జనాభాలో 2.5 శాతం దాకా వ్యాపారులకు చోటు చూపాలి. 2011 లెక్కతోనే చూసినా అనంతపురంలో ఆరున్నర వేల మంది. ఎప్పట్నుంచో కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ చేరే చోటును చట్టం సహజ మార్కెట్ అంటుంది, చోటు నిర్ణయించేటప్పుడు దాన్ని గుర్తించమంటుంది.

2024 జనవరిలో హైదరాబాద్ మాదాపూర్‌లో రోడ్డు పక్కన ఒకామె నడిపే భోజనాల అంగడి దగ్గర బళ్ళు గుంపులుగా ఆగి ట్రాఫిక్ నిలిచిపోయింది. పోలీసులు తీసేయమన్నారు, ముఖ్యమంత్రి ఉండనివ్వమన్నారు. రెండు వైపులా న్యాయం ఉంది. అక్కడ తప్పు అన్నం పెట్టినామెది కాదు, బళ్ళు ఆపడానికి చోటు చూపనివాళ్ళది. అలాంటి తగువు ముఖ్యమంత్రి దాకా పోకుండా ఊళ్ళోనే తేల్చడానికే కమిటీ ఉంది, పటం ఉంది. కార్లలో వచ్చేవాళ్ళ కోసం ఫుట్‌పాత్ కోయడానికి ఒప్పుకుని, అదే ఫుట్‌పాత్ అంచున ఉగ్గాని బండిని అడ్డమని తోసేసే నియమం ఏదైనా వస్తే అది అన్యాయం.

మాస్టర్ ప్లాన్ ముసాయిదాను ఖరారు చేసే ముందు జనం చూడటానికి పెట్టి, అభ్యంతరాలు అడగాలి. ఆ గడువు ఉన్నప్పుడు ఒక పూట తీరిక చేసుకుని వెళ్ళండి. పటంలో మీ వీధి ఎక్కడుందో వెతకండి, దానికి ఏ రంగు వేశారో చూడండి. మీరు రోజూ టిఫిన్ తీసుకునే బండి ఎక్కడ నిలబడాలో, కార్లు ఎక్కడ ఆగాలో తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి.