రాకెట్ పేలడానికీ ఒక చోటు కావాలి

రాకెట్ అనగానే మనకు శ్రీహరికోట, కౌంట్‌డౌన్, టీవీలో చప్పట్లు గుర్తొస్తాయి. మరి మనలాంటి కాలేజీ స్టూడెంట్స్ సొంతంగా ఒక ఇంజన్ చేస్తే దాన్ని ఎక్కడ మండించి చూడాలి? హాస్టల్ మేడ మీద కుదరదు కదా!

ఈ ప్రశ్న పాతదే. 1936లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో కొందరు కుర్రాళ్లు రాకెట్ ప్రయోగాలు మొదలుపెట్టారు. క్యాంపస్‌లో చేసిన ప్రయోగాలు బెడిసికొట్టడంతో వాళ్లకు ‘సూసైడ్ స్క్వాడ్’ అని పేరుపడింది. వాళ్ల పని నుంచే తర్వాత జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ పుట్టింది.

ఇప్పుడు అదే రాష్ట్రంలో, మొహావీ ఎడారిలో, ‘ఫ్రెండ్స్ ఆఫ్ అమెచ్యూర్ రాకెట్రీ’ అనే లాభాపేక్ష లేని సంస్థ ఒక టెస్ట్ సైట్ నడుపుతోంది. టెస్ట్ స్టాండ్లు, లాంచ్ రైళ్లు, మనుషులు దాక్కోడానికి కాంక్రీట్ బంకర్లు ఉంటాయి. చుట్టూ ఊళ్లు లేని ఖాళీ నేలే దాని అసలు ఆస్తి. శ్రీహరికోటకు తూర్పున ఉన్న సముద్రం చేసే పనే ఇక్కడ ఎడారి చేస్తుంది: ఏం పడినా ఎవరి నెత్తినా పడదు.

చాలా టెస్టుల్లో రాకెట్ అసలు ఎగరదు. ఇంజన్‌ని స్టాండుకు గట్టిగా బిగించి మండిస్తారు. ఎంత బలంతో తోస్తోందో లోడ్ సెల్ కొలుస్తుంది, ఛాంబర్‌లో ఒత్తిడిని ఇంకో సెన్సార్ చెబుతుంది. ద్రవ ఇంధనం వాడే ఇంజన్ అయితే టైమింగే ప్రాణం. నిప్పు అంటుకోవడం కొంచెం ఆలస్యమైనా ఇంధనం, ఆక్సిడైజర్ ఛాంబర్‌లో పోగుపడి ఒక్కసారిగా అంటుకుంటాయి. దీన్నే ‘హార్డ్ స్టార్ట్’ అంటారు. ఇంజన్ ముక్కలైపోవచ్చు. అందుకే వాల్వులు తెరిచేది, ఆపేది అంతా దూరం నుంచి, కోడ్‌తోనే. మన ప్రోగ్రామ్‌లో బగ్ వస్తే మళ్లీ రన్ చేస్తాం. అక్కడ మళ్లీ రన్ చేయడానికి ఇంజనే మిగలకపోవచ్చు.

డేటా విలువ కూడా అక్కడే తెలుస్తుంది. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ విద్యార్థులు 2018లో నెవాడా ఎడారి నుంచి ‘ట్రావెలర్ 3’ని వదిలారు. లోపలి ఎలక్ట్రానిక్స్ ఆన్ కాలేదు. అది ఎంత ఎత్తుకెళ్లిందో ఎవరూ నిరూపించలేకపోయారు. వాళ్లు ఆగలేదు. 2019లో న్యూమెక్సికో నుంచి ఎగిరిన ‘ట్రావెలర్ 4’ 100 కిలోమీటర్లు దాటినట్టు లెక్కతేలింది.

తెలివైన స్టూడెంట్స్ ఏ ఊళ్లోనైనా ఉంటారు. వాళ్ల ఇంజన్ పేలినా మనుషులకు దెబ్బ తగలని చోటు మాత్రం ఎవరో ఒకరు కట్టి, కాపాడి, అందరికీ తెరిచి ఉంచాలి. ఎడారిలో వాళ్లు చేస్తున్నది అదే.