గ్యాట్స్‌బీ నుంచి కుంటా కింటే దాకా: అపోహలు – వాస్తవాలు

కొన్ని పుస్తకాలు చదవకముందే తెలిసిపోయినట్టు ఉంటాయి. సినిమా చూసి ఉంటాం, ఎం.ఏ. ఇంగ్లిష్‌లో అమెరికన్ లిటరేచర్ పేపరుకు నోట్సు తిరగేసి ఉంటాం, ఎవరో మెచ్చుకుంటే విని ఉంటాం. ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ నవలల మీద చలామణీలో ఉన్న అభిప్రాయాలు చాలావరకు అలా పుట్టినవే. అవి చెడ్డ అభిప్రాయాలు కావు, ఎక్కువభాగం మెచ్చుకోళ్లే. చిక్కల్లా ఏమిటంటే, మెచ్చుకునే తొందరలో ఆ నవలల్లోని చేదును వదిలేస్తున్నాం. రచయితలు ప్రాణం పెట్టి రాసింది ఆ చేదునే.

అపోహ: ‘ద గ్రేట్ గ్యాట్స్‌బీ’ వచ్చిన రోజు నుంచే క్లాసిక్. విలాసాల మధ్య నడిచే గొప్ప ప్రేమకథ.

1925 ఏప్రిల్‌లో మొదటిసారి ఇరవై వేల పైచిలుకు ప్రతులు వేశారు. ఆగస్టులో మరో మూడు వేలు. 1940లో రచయిత ఫిట్జెరాల్డ్ 44 ఏళ్లకే చనిపోయేనాటికి ఆ రెండో ముద్రణ ప్రతులు ఇంకా ప్రచురణకర్త గిడ్డంగిలో మిగిలే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనికులకు జేబులో పట్టే పుస్తకాలు ఉచితంగా పంచారు. ఆ వరసలో ఈ నవల లక్షన్నర ప్రతులు అచ్చయింది. దానికి రెండో జన్మ అప్పుడు మొదలైంది. రాసినవాడు మాత్రం చూడలేదు.

ఇక విలాసాల సంగతి. గ్యాట్స్‌బీ ఇంటికి వందలమంది పిలవకపోయినా వచ్చి, తిని, తాగి పోతుంటారు. అతను చనిపోయాక, ఆ ఇంట్లోనే మకాం వేసుకుని బతికిన క్లిప్‌స్ప్రింగర్ ఫోన్ చేస్తాడు. అంత్యక్రియలకు వస్తానని చెప్పడానికి కాదు, అక్కడ మరిచిపోయిన టెన్నిస్ బూట్లు పంపించమని అడగడానికి. వానలో శ్మశానానికి చేరినవాళ్లు కథ చెప్పే నిక్, ముసలి తండ్రి, నలుగురైదుగురు పనివాళ్లు, ఊరి పోస్ట్‌మన్, ఎప్పుడో ఒక పార్టీకి వచ్చిన కళ్లద్దాల మనిషి. అతను ప్రేమించిన డైసీ కబురు కూడా పంపదు. డబ్బున్న లోకం మనిషిని ఎలా వాడుకుని వదిలేస్తుందో ఇంత నిర్దయగా చూపించిన నవల ఇంకొకటి నేను చదవలేదు. దాన్ని షాంపేన్ గ్లాసుల బొమ్మగా గుర్తుపెట్టుకోవడం అన్యాయం.

అపోహ: ‘ద జంగిల్’ కల్తీ మాంసం మీద రాసిన నవల.

అప్టన్ సింక్లెయిర్ 1904లో షికాగో కబేళాల పేటలో ఏడు వారాలు తిరిగాడు. చూసింది కార్మికుల బతుకు, రాసిందీ అదే. లిథువేనియా నుంచి వలస వచ్చిన యూర్గిస్ ఇల్లు పోగొట్టుకుంటాడు, భార్య పురిట్లో పోతుంది, పసివాడు వీధిలో నిలిచిన వాననీళ్లలో మునిగి చనిపోతాడు. మాంసం ఎలా తయారవుతుందో చెప్పినవి కొన్ని పేజీలే. 1906లో పుస్తకం రాగానే పాఠకులు ఆ పేజీలు చూసి హడలిపోయారు. అదే ఏడాది జూన్ 30న మాంసం తనిఖీకి ఒకటి, ఆహారం–మందుల కల్తీకి ఒకటి, రెండు చట్టాలు వచ్చాయి. కార్మికుడి కోసం ఒక్కటీ రాలేదు. తాను జనం గుండెకు గురిపెడితే అది కడుపుకు తగిలిందని సింక్లెయిర్ వాపోయాడు.

అపోహ: ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’లో అట్టికస్ ఫించ్ కేసు గెలిచి అమాయకుణ్ణి కాపాడతాడు.

ఓడిపోతాడు. హార్పర్ లీ 1960లో ప్రచురించిన ఈ నవలకు ఆ ఓటమే వెన్నెముక. టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి యువకుడి మీద అత్యాచారం నేరం మోపారు. ఫిర్యాదు చేసిన అమ్మాయికి దెబ్బలు ఎక్కువగా తగిలింది ముఖం కుడివైపున. అంటే ఎదురుగా ఉండి కొట్టినవాడిది ఎడమచేతి వాటం అయి ఉండాలి. అట్టికస్ ఆమె తండ్రి చేతికి కవరూ పెన్నూ ఇచ్చి సంతకం పెట్టమంటాడు. అతను ఎడమచేత్తో పెడతాడు. తర్వాత టామ్‌ను లేచి నిలబడమంటాడు. చిన్నప్పుడు పత్తి జిన్నింగ్ యంత్రంలో పడి నలిగిన అతని ఎడమచెయ్యి పొట్టిగా, చచ్చుబడి వేలాడుతూ కనిపిస్తుంది. కోర్టంతా చూస్తుంది, జ్యూరీ కూడా చూస్తుంది. చూసి, దోషి అంటుంది. ఆ తర్వాత జైలు నుంచి పారిపోబోయిన టామ్ ఒంట్లో 17 తూటాలు దిగుతాయి. 1962 సినిమాలోనూ తీర్పు మారలేదు. కానీ చాలామందికి గుర్తున్నది అట్టికస్‌గా గ్రెగరీ పెక్ హుందాతనమే, టామ్ చావు కాదు.

ఈ నవలను అసలు రాసింది హార్పర్ లీ చిన్ననాటి స్నేహితుడు ట్రూమన్ కాపోటీ అనే మాట కూడా వినిపిస్తుంది. 1959 జూలైలో ఆయనే తన పిన్నికి ఉత్తరం రాస్తూ, లీ పుస్తకం ఆమె అప్పటికి రాసినంతవరకు చూశానని, నచ్చిందని, ఆమెకు నిజమైన ప్రతిభ ఉందని చెప్పాడు. ఒక స్త్రీ రాసిన గొప్ప పుస్తకానికి వెనకాల ఒక మగవాడి చెయ్యి వెతికే అలవాటు మనం ఎంత తొందరగా మానుకుంటే అంత మంచిది.

అపోహ: ‘ఫారెన్‌హీట్ 451’ పుస్తకాలు తగలబెట్టే ప్రభుత్వం మీద రాసింది.

1953 నాటి ఈ నవలలో ఫైర్‌మెన్ పుస్తకాలు తగలబెడతారు, నిజమే. ఎందుకో చెప్పేది వాళ్ల అధికారి బీటీ. అతని మాట ప్రకారం ఇది పైనుంచి వచ్చిన ఆజ్ఞతో మొదలవలేదు. జనమే చదవడం మానేశారు, గోడంత తెరలకు అలవాటుపడ్డారు, ఎవరినీ నొప్పించని రాతలే కావాలన్నారు. ప్రభుత్వం వచ్చింది చివర్లో. నేరం నియంతదైతే పాఠకుడు హాయిగా పక్కన నిలబడొచ్చు. రచయిత బ్రాడ్‌బరీ అతన్ని అలా నిలబడనివ్వలేదు. 1967 నుంచి స్కూలు పిల్లల కోసం వేసిన ప్రతుల్లో ప్రచురణకర్తలే కొన్ని మాటలు తీసేశారు, మార్చేశారు. ఆ సంగతి రచయితకు 1979 దాకా తెలియలేదు. ఆయన పట్టుబట్టి అసలు పాఠాన్ని తిరిగి వేయించాడు.

అపోహ: ‘ఏడుతరాలు’ అక్షరాలా జరిగిన చరిత్ర.

అలెక్స్ హేలీ 1976లో రాసిన ‘రూట్స్’ను సహవాసి ‘ఏడుతరాలు’గా తెలుగు చేశారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. హేలీ పూర్వీకుడిగా అందులో వచ్చే కుంటా కింటేను తెలుగునాట సొంత మనిషిలా చూసుకున్న పాఠకులకు లెక్కలేదు. అందుకే ఈ మాట జాగ్రత్తగా చెప్పాలి. కుంటా 1767లో ‘లార్డ్ లిగొనియర్’ ఓడలో వచ్చాడని, యజమానులు అతనికి టోబీ అని పేరు పెట్టారని హేలీ రాశాడు. వంశావళి పరిశోధకులు వర్జీనియా పత్రాలు తిరగేస్తే, ఆ యజమానుల కుటుంబం దగ్గర టోబీ అనే బానిస 1762కే ఉన్నట్టు తేలింది. హెరాల్డ్ కూర్లాండర్ నవల ‘ది ఆఫ్రికన్’ నుంచి కొన్ని భాగాలు తీసుకున్నాడన్న దావాను హేలీ 1978లో 6,50,000 డాలర్లు చెల్లించి పరిష్కరించుకున్నాడు.

ఇంతమాత్రాన ‘ఏడుతరాలు’ అబద్ధం అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఓడ అడుగున గొలుసులతో కట్టి మనుషుల్ని తెచ్చిన మాట, బిడ్డల్ని తల్లుల నుంచి విడదీసి వేలం వేసిన మాట ఒక్క హేలీ మీద ఆధారపడినవి కావు. ఓడల లెక్కల్లో, అమ్మకాల పత్రాల్లో, విముక్తులైన బానిసలు స్వయంగా రాసుకున్న జీవితకథల్లో వాటికి రుజువులున్నాయి. ఫ్రెడరిక్ డగ్లస్ తన కథను 1845లోనే అచ్చు వేశాడు. తల్లికి తనను పసితనంలోనే దూరం చేశారని, ఆమెను నాలుగైదుసార్లకు మించి చూసిన గుర్తు లేదని అందులో చెప్పుకున్నాడు. కుంటా కింటేను ప్రేమించినవాళ్లు తర్వాత చదవాల్సింది ఆ పుస్తకం.