ఖాళీ గళ్ళలో రాతలు

‘పాత అసెంబ్లర్ రొటీన్‌లో 24 అన్నచోట 31 అని మారిస్తే సరిపోతుందట కదా, దానికి ఆరు నెలలెందుకు?’ మెయిన్‌ఫ్రేమ్ పనిలోకి కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడూ అడుగుతాడు. డబ్బులిచ్చే మేనేజరైతే ఇంకాస్త గట్టిగా అడుగుతాడు. ఆ ముక్క మార్చడానికి అర నిమిషం చాలు, నిజమే. మిగతా ఆరు నెలలూ ఎప్పుడో రిటైరైపోయిన పెద్దలు ఎక్కడెక్కడ ఏమేం రాసిపెట్టారో వెతకడానికే పోతాయి.

1964లో ఐబీఎం సిస్టమ్/360ని ప్రకటించినప్పుడు రిజిస్టరు వెడల్పు 32 బిట్లు. అడ్రస్‌కి మాత్రం అందులో 24 బిట్లే లెక్క. అంటే 1,67,77,216 బైట్లు, మన మాటల్లో 16 మెగాబైట్లు. చిన్న మోడల్ 8 కిలోబైట్ల మెమరీతో కూడా వచ్చిన రోజులవి. 16 మెగాబైట్లు నిండే రోజు వస్తుందంటే నవ్వేవాళ్ళు.

ఇప్పుడొక పోస్టు ఫారం ఊహించుకోండి. డోర్ నెంబరుకి ఎనిమిది గళ్ళున్నాయి. ఊరు చిన్నది కాబట్టి ఆరు గళ్ళే సరిపోయాయి. ఎడమ పక్క రెండు గళ్ళలో ఏమున్నా పోస్టుమాన్ చూడడు. చూడడని తెలిశాక మనవాళ్ళు ఊరుకుంటారా? ఒకడు ‘కుక్క ఉంది’ అనడానికి గుర్తు పెట్టాడు. ఇంకొకడు ‘బాకీ ఉంది’ అని రాసుకున్నాడు. పాలవాడి లెక్కా అక్కడే, కేబుల్ వాడి లెక్కా అక్కడే. రిజిస్టరులో అడ్రస్‌కి అక్కర్లేని ఎనిమిది బిట్లనీ ప్రోగ్రామర్లు ఇలాగే వాడుకున్నారు. బైటు బైటుకీ వెతుక్కునే కాలంలో అది పొదుపే, తప్పు పట్టలేం. (డోర్ నెంబరు అంకెలు కూడితే ఎనిమిది వస్తోందని గేటు మీద ఇంకో అంకె తగిలించుకునేవాళ్ళు మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ రాతకంటే ప్రోగ్రామర్ల రాతకి కనీసం ఒక ప్రయోజనం ఉంది.)

ఊరు పెరిగింది. 1983లో చేతికొచ్చిన సిస్టమ్/370-ఎక్స్‌ఏతో అడ్రస్ 31 బిట్లకి, మెమరీ హద్దు 2 గిగాబైట్లకి చేరాయి. 32 ఎందుకు కాలేదు? పారామీటర్ల జాబితాలో ‘ఇదే చివరిది’ అని చెప్పడానికి అన్నిటికంటే ఎడమనున్న బిట్‌ని అప్పటికే అందరూ వాడేస్తున్నారు. దాన్ని కదిపితే ఊరంతా తిరగబడుతుందని ఒదిలేశారు. ఆ పాత 16 మెగాబైట్ల హద్దునే మేం ఇవాళ్టికీ ‘లైన్’ అంటాం.

ఇక అసలు సంగతి. ఒక రిజిస్టరులో 40052360 ఉందనుకోండి. ఒక్కో అంకె ఒక్కో గడి, ఒక్కో గడిలో నాలుగు బిట్లు. 40 మనవాడు పెట్టుకున్న గుర్తు, మిగతాది అడ్రస్. 24 బిట్ల మోడ్‌లో పోస్టుమాన్ 052360 అని చదివి సరైన ఇంటికే వెళ్తాడు. 31 బిట్ల మోడ్‌లో కుక్క గుర్తు కూడా డోర్ నెంబరే! ఒక గిగాబైటు దాటి ఎక్కడో లేని వీధికి పోతాడు. ఎస్ జీరో సీ ఫోర్ అనే ఎర్రర్ కోడ్‌తో ప్రోగ్రాం అక్కడే కూలబడుతుంది.

గుర్తు 40 కాకుండా 80 అయితే? అన్నిటికంటే ఎడమ బిట్‌ని కొత్త మోడ్ కూడా చూడదు. అంతా సవ్యంగా నడుస్తుంది. నేను పనిచేసిన ఒకచోట పరీక్షలన్నీ 80 గుర్తున్న రికార్డులతోనే నెగ్గాయి. నెలాఖరు రాత్రి 40 గుర్తున్న రికార్డు వచ్చింది. ఆ తర్వాత ఎవరూ నిద్రపోలేదు.

దీనికంటే మాయదారిది ‘ఎల్‌ఏ’ (లోడ్ అడ్రస్) ఇన్‌స్ట్రక్షన్. రిజిస్టరు మీద సున్నా కలిపి ఎల్‌ఏ చేస్తే ఎడమ గళ్ళు శుభ్రమైపోతాయని అందరికీ అలవాటు. 24 బిట్ల మోడ్‌లో అది ఎనిమిది బిట్లు తుడుస్తుంది. అదే ఇన్‌స్ట్రక్షన్, అదే రిజిస్టరు, 31 బిట్ల మోడ్‌లో ఒక్క బిట్టే తుడుస్తుంది. కోడ్‌లో అక్షరం మారలేదు, అర్థం మారింది. కాబట్టి ప్రతి ఎల్‌ఏ దగ్గరా ఆగి, ఇది అడ్రస్ తేవడానికా, తుడవడానికా అని అడగాలి. తుడవడానికైతే దాని బదులు ఎడమ ఎనిమిది బిట్లనీ సున్నా చేసే మాస్క్ పెట్టాలి.

‘ఈ తలనొప్పెందుకు, పాత రొటీన్‌ని లైన్ కిందే 24లో ఉంచేద్దాం’ అంటారు. ఉంచొచ్చు. పిలిచేటప్పుడు మోడ్ మార్చి, తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ మార్చే ఇన్‌స్ట్రక్షన్లున్నాయి. కానీ పిలిచినవాడు లైన్ పైనున్న 01052360 అడ్రస్ ఇస్తే, పాతవాడు 052360 అని చదివి ఎవరి ఇంట్లోకో దూరతాడు. అక్కడ నిజంగానే ఇల్లుంటుంది! ప్రోగ్రాం కూలదు, గొంతెత్తదు, తప్పు లెక్క చెప్పి పోతుంది. కూలిన ప్రోగ్రాం కంటే నాకు దీని భయమే ఎక్కువ.

బీఏఎల్‌ఆర్ ఇన్‌స్ట్రక్షన్‌తో కండిషన్ కోడ్ (ముందరి లెక్క ఫలితం ఎలా వచ్చిందో చెప్పే గుర్తు) దాచుకునే పాత చిట్కా కూడా కొత్త మోడ్‌లో చెల్లదు, దానికి ఐపీఎం ఇన్‌స్ట్రక్షన్ వాడాలి. 2000లో వచ్చిన జెడ్/ఆర్కిటెక్చర్‌తో అడ్రస్ 64 బిట్లయింది. పాత లోడ్ ఇన్‌స్ట్రక్షన్ కింది సగమే నింపుతుంది, పై సగంలో పాత చెత్త అలాగే ఉంటుంది. కొలత పెరిగినా జబ్బు అదే.

ఈమధ్య ఒక పాత రొటీన్‌ని 64కి మార్చి, గళ్ళన్నీ కడిగి, మా జట్టులో కుర్రాడికి చూపించాను. శ్రద్ధగా చూసి అన్నాడు: ‘సార్, పైన ఇన్ని బిట్లు ఖాళీగానే ఉన్నాయి కదా, మన స్టేటస్ కోడ్ అక్కడ పెట్టుకుంటే?’