అక్షరముల తరలింపు

తాళపత్రము శిథిలము కాకమున్నే ప్రతి వ్రాసికొనుట మన పూర్వుల ఆచారము. బందరున కొంతకాలము ఉద్యోగము చేసిన సి.పి. బ్రౌను, తాళపత్ర గ్రంథములకు కాగితముపై శుద్ధప్రతులు వ్రాయించి ఎన్నిటినో కాపాడెను. నేడు బంటుమిల్లి వంటి ఊళ్లలో పాత కంప్యూటరును మార్చువారికిని అదే ధర్మము వర్తించును.

కాని ఇందొక చిక్కు కలదు. అను ఫాంటులలో కూర్చిన శతకము మనకు తెలుగే. యంత్రమునకు మాత్రము అది ఇంగ్లీషు అక్షరాదుల సంకేతముల వరుస. ఫైలును తరలించి ఫాంటును మరచినచో, క్రొత్త తెరపై పద్యము అర్థములేని గుర్తుల గుంపగును.

1991లో యూనికోడు తెలుగు లిపికి ప్రత్యేక సంకేతములను కేటాయించినది. కావున ఫాంటును వెంట తీసికొనిపోయి, పిదప పాఠమును యూనికోడులోనికి మార్చుట క్షేమము. మార్పిడిలో ఒత్తులు తారుమారగుట కద్దు. పద్యము పద్యము మూలముతో సరిచూచువరకు పాత యంత్రమును అమ్మరాదు.