కణితి దాకా చేరేది ఎంత?

డాక్సోరూబిసిన్ ఎర్రటి మందు. కీమో వార్డులో నర్సు ఆ సిరంజిని సెలైన్ గొట్టానికి తగిలించి మెల్లగా తోస్తుంటే, నీళ్లలా ఉన్న గొట్టం చెయ్యి దాకా ఎర్రబారుతూ పోతుంది. తర్వాత మూత్రం కూడా ఆ రంగులోనే వస్తుంది. ముందే చెప్పకపోతే రక్తం పోతోందేమోనని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. రొమ్ము క్యాన్సర్, లింఫోమా, కొన్ని రకాల ఎముక క్యాన్సర్లు, ఇలా ఎన్నింటికో దశాబ్దాలుగా ఈ మందే దిక్కు. కానీ ఇది గుండె కండరాన్నీ దెబ్బతీస్తుంది. ఒంటి ఉపరితలం చదరపు మీటరుకు మొత్తం 450 నుంచి 550 మిల్లీగ్రాములు దాటితే ఆ ముప్పు వేగంగా పెరుగుతుంది. అందుకే ఒక మనిషికి జీవితం మొత్తంలో ఎంత ఎక్కించారో డాక్టర్లు లెక్క రాసి పెట్టుకుంటారు. క్యాన్సర్ మందుకు లొంగుతూనే ఉన్నా, గుండెను కాపాడటానికి మందు ఆపాల్సిన సందర్భాలు వస్తాయి.

క్యాన్సర్ నానో వైద్యం మొదలైంది ఈ ఇబ్బంది దగ్గరే. కొన్ని రకాల కొవ్వులను నీళ్లలో కలిపితే వాటంతట అవే పొరలు కట్టి బుడగలవుతాయని 1960లలో కేంబ్రిడ్జ్ దగ్గరి బాబ్రహాంలో అలెక్ బాంఘం గమనించాడు. వాటికే లైపోసోమ్‌లని పేరొచ్చింది. జెరూసలేంలో యెహెజ్కెల్ బారెన్‌హోల్జ్, ఆల్బెర్టో గాబిజోన్ ఈ బుడగల్లో డాక్సోరూబిసిన్ నింపాలని పూనుకున్నారు. నింపడమే పెద్ద చిక్కు, ఎందుకంటే లోపలికి వెళ్లిన మందు వెళ్లినట్టే బయటికి వచ్చేసేది. వాళ్లు కనిపెట్టిన ఉపాయం నాకు ఎన్నిసార్లు చదివినా ముచ్చటేస్తుంది. బుడగ లోపల ముందుగా అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం ఉంచుతారు. బయటున్న మందు అణువు విద్యుదావేశం లేనప్పుడు కొవ్వు పొరను దాటి లోపలికి వెళ్తుంది. లోపల దానికి ఆవేశం వస్తుంది, సల్ఫేట్‌తో కలిసి స్ఫటికంగా గట్టిపడుతుంది, ఇక పొరను దాటలేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే ప్రతి బుడగలోనూ బియ్యపు గింజలాంటి కోల స్ఫటికం కనిపిస్తుంది. బుడగ వ్యాసం వంద నానోమీటర్ల లోపే. తలవెంట్రుక మందంలో ఇలాంటివి ఎనిమిది వందలు పక్కపక్కనే పడతాయి. కాలేయం వెంటనే పట్టేయకుండా పైన పాలీఇథిలీన్ గ్లైకాల్ పూత పూశారు. డాక్సిల్ పేరుతో ఈ మందుకు 1995లో అమెరికాలో అనుమతి దొరికింది.

ఈ బుడగలు కణితి దగ్గరికే ఎందుకు పోతాయి? దానికి అప్పటికే ఒక సమాధానం ఉంది. జపాన్‌లోని కుమమోటోలో యసుహిరో మత్సుమురా, హిరోషి మయేడా 1986లో ఒక సంగతి ప్రచురించారు. కణితి తొందరపాటుతో పెరుగుతుంది కాబట్టి దాని రక్తనాళాల గోడల్లో సందులుంటాయి. పెద్ద అణువులు ఆ సందుల్లోంచి కణితిలోకి కారతాయి. అక్కడ లింఫు నాళాలు సరిగా పనిచేయవు కనుక బయటికి పోలేక నిలిచిపోతాయి. ఈపీఆర్ అని పిలిచే ఈ సూత్రం మీద ఒక తరం శాస్త్రవేత్తలు బతుకంతా పనిచేశారు. బంగారు రేణువులు, ఇనుప రేణువులు, పాలిమర్ గోళాలు, ఒక్కొక్కదానికీ ఎలుకల్లో చక్కటి ఫలితాలు వచ్చాయి. పత్రికలు వాటిని 'క్యాన్సర్‌పై గురి తప్పని బాణాలు' అన్నాయి.

గురి ఎంతో 2016లో తేలింది. టొరంటో విశ్వవిద్యాలయంలో వారెన్ చాన్ బృందం అంతకు ముందు పదేళ్లలో వచ్చిన 117 పరిశోధన పత్రాలు తీసి, ఎక్కించిన నానో రేణువుల్లో ఎన్ని కణితికి చేరాయో లెక్కగట్టింది. వచ్చిన మధ్యగత విలువ 0.7 శాతం. వెయ్యి రేణువులు ఎక్కిస్తే కణితికి చేరినవి ఏడు. ఆ లెక్క వేసిన పద్ధతి మీద ఫార్మకాలజీ నిపుణులు కొందరు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. మామూలు మందు కూడా కణితికి చేరేది కొంచెమేననీ, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చాలి గానీ శాతం ఒక్కటే చూస్తే సరిపోదనీ వాళ్ల వాదన. అది న్యాయమైన మాటే. అయినా ఆ ప్రశ్న అడిగి చాన్ ఈ రంగానికి మేలు చేశాడనే నా నమ్మకం.

మిగతా రేణువులు ఎక్కడికి పోతాయి? చాలావరకు కాలేయానికి, ప్లీహానికి. కాలేయంలో రక్తం నిదానంగా పారే సన్నటి దారుల పక్కన కుప్ఫర్ కణాలు కాపు కాస్తాయి. బాక్టీరియాను పట్టి మింగడం వాటి పని. నానో రేణువునూ అవి అలాగే పట్టేస్తాయి. రేణువు ఆరు నానోమీటర్ల కంటే చిన్నదైతే మూత్రపిండాలే వడకట్టి బయటికి పంపేస్తాయి. ఈ రెండింటి మధ్య తప్పించుకు తిరిగినన్నాళ్లే దానికి అవకాశం. చాన్ బృందమే 2020లో ఎలుకల మీద ఒక పని చేసింది. రేణువుల సంఖ్యను లక్ష కోట్లు దాటించింది. కుప్ఫర్ కణాలకు మింగే శక్తి చాలక, కణితికి చేరే వాటా 12 శాతం దాకా పెరిగింది. అదే ఏడాది అదే ప్రయోగశాల మరో విషయం బయటపెట్టింది. కణితి రక్తనాళాల్లో సందులు అనుకున్నంత లేవు. రేణువుల్లో 97 శాతం దాకా నాళం గోడలోని కణాలే పట్టి, తమలోంచి అవతలికి దాటిస్తున్నాయి. ముప్పై ఏళ్లుగా పాఠ్యపుస్తకాల్లో ఉన్న బొమ్మను ఇప్పుడు తిరిగి గీయాలి.

ఎలుకకూ మనిషికీ తేడా కూడా చిన్నది కాదు. ప్రయోగశాల ఎలుకలో కణితి వారాల్లో పెరిగి ఒంటి బరువులో చెప్పుకోదగ్గ వాటా అవుతుంది. మనిషిలో అది ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది, నాళాలూ అంత అస్తవ్యస్తంగా ఉండవు.

మరి మనుషుల్లో డాక్సిల్ ఏం చేసింది? వ్యాపించిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 509 మంది మహిళలతో చేసిన పరీక్ష ఫలితాలు 2004లో వచ్చాయి. సగం మందికి మామూలు డాక్సోరూబిసిన్, సగం మందికి బుడగలో పెట్టింది. బతికిన కాలం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే, 22 నెలలు, 21 నెలలు. గుండె దెబ్బతినడం మాత్రం బాగా తగ్గింది. జుట్టు ఊడటం 66 శాతం నుంచి 20 శాతానికి దిగింది. కొత్త బాధ ఒకటి వచ్చింది. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మంటపుట్టి తోలు ఊడటం దాదాపు సగం మందిలో కనిపించింది. ఈ ఫలితాన్ని ఓటమి అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆయుష్షు పెరగలేదు, నిజమే. కానీ ఉన్న ఆయుష్షులో గుండె జబ్బు లేకుండా మెట్లెక్కగలగడం ఆ మనిషికి చాలా పెద్ద విషయం.

పాక్లిటాక్సెల్ కథా ఇలాంటిదే. అది నీటిలో కరగదు. కరిగించడానికి ఆముదం నుంచి తయారుచేసిన క్రెమోఫోర్ అనే ద్రావకం వాడేవారు. మందు కంటే ఆ ద్రావకమే చాలామందికి అలర్జీ తెచ్చిపెట్టేది, ముందుగా స్టెరాయిడ్ ఇవ్వాల్సి వచ్చేది. మన రక్తంలో ఉండే ఆల్బుమిన్‌తోనే 130 నానోమీటర్ల రేణువులు చేసి 2005లో అబ్రాక్సేన్ తెచ్చారు. మూడు గంటలు ఎక్కించే మందు అరగంటలో అయిపోతోంది.

రేణువు మీద కణితిని గుర్తుపట్టే అణువును అతికిస్తే? ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు తలపుకొస్తారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, దానికి పోటీగా నిలిచే మందులనూ అందించింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్లో జబ్బును కొంతకాలం వెనక్కి తగ్గించగలిగాడు. అండాశయ క్యాన్సర్ కణాల మీద ఫోలేట్‌ను అందుకునే గ్రాహకాలు ఎక్కువగా ఉంటాయి. అందుకే నానో రేణువులకు ఫోలేట్ అతికించే ప్రయత్నాలు ఎన్నో జరిగాయి. కానీ 117 పత్రాల లెక్కలో అలా చిరునామా అతికించిన రేణువులకు 0.9 శాతం, అతికించనివాటికి 0.6 శాతం. గ్రాహకం కణం గుమ్మం దగ్గర ఉంటుంది, అక్కడిదాకా వెళ్లాలంటే ముందు కాలేయాన్ని దాటాలి.

రోగుల్లోనూ ఒకరికొకరికి పోలిక లేదు. రొమ్ము క్యాన్సర్ వ్యాపించిన 19 మందికి రేడియోధార్మిక రాగి తగిలించిన లైపోసోమ్‌లు ఎక్కించి పెట్ స్కాన్ తీశారు. కొన్ని కణితులకు బాగా చేరాయి, కొన్నింటికి దాదాపు చేరలేదు. ఒకే మనిషిలో ఒక గడ్డకూ ఇంకో గడ్డకూ కూడా తేడా కనిపించింది. ఎక్కువ చేరినవాళ్లలో జబ్బు ముదరడానికి ఎక్కువ కాలం పట్టింది. ఆ లైపోసోమ్ మందు మీదే నడుస్తున్న పెద్ద పరీక్షను, వాడుకలో ఉన్న చికిత్స కంటే మెరుగ్గా లేదని 2016 చివర్లో ఆపేశారు. మందు ఎవరి కణితికి చేరుతుందో ముందు స్కాన్‌లో చూసి ఎంచుకున్న రోగులు కారు వాళ్లు. అలా చూడకుండా నానో మందును అందరికీ ఒకేలా ఎక్కించి, సగటు చూసి తీర్పు చెప్పడం రోగులకు అన్యాయమని నా అభిప్రాయం. చూసే దారి ఖరీదైనదే కానక్కర్లేదు. రక్తహీనతకు వాడే ఫెరుమాక్సిటాల్ కూడా నానో సైజు ఇనుప రేణువే, ఎంఆర్‌ఐలో కనిపిస్తుంది. అది ఎక్కువగా చేరిన గడ్డలు తర్వాత ఇచ్చిన లైపోసోమ్ మందుకు ఎక్కువగా తగ్గాయని ఒక చిన్న పరీక్షలో తేలింది. ఎంఆర్‌ఐ యంత్రాలు మన జిల్లా కేంద్రాల్లోనూ ఉన్నాయి.