వేడిమిని చూచు యంత్రము

1800వ సంవత్సరమున ఇంగ్లండునందలి స్లౌ గ్రామమున, యురేనస్ గ్రహమును కనుగొని అదివఱకే యశస్సు గాంచిన విలియం హెర్షెల్, సూర్యకాంతిని పట్టకముగుండ ప్రసరింపజేసి, అందలి ఒక్కొక్క వర్ణమునందును గోళమునకు నల్లరంగు పూసిన ఉష్ణమాపకము నుంచి, కాంతి సోకని చోట మఱి రెండింటిని పోలికకై నిలిపి పరీక్షించెను. ఊదా నుండి ఎఱుపు వైపునకు పోయినకొలది వేడిమి హెచ్చుటయే గాక, ఎఱుపును దాటి ఏ వర్ణమును లేని చోట సైతము పాదరసము పైకెక్కెను. పరారుణ కిరణములతో మానవుని తొలి పరిచయ మదియే.

ప్రతి వస్తువును ఎల్లవేళల వికిరణమును వెలువరించుచునే యుండును. గది గోడయు, మన దేహమును వెలువరించు కిరణములు సుమారు 10 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యము చెంత మిక్కిలి తీవ్రముగ నుండును. మన కన్నో, ముప్పాతిక మైక్రోమీటరు దాటిన తరంగమును గ్రహింపజాలదు. అంత దీర్ఘమైన తరంగములను సాధారణమైన గాజు పోనీయదు గనుక, ఈ కిరణములతో వేడిమిని చిత్రించు కెమెరాల కటకములను జెర్మేనియముతో చేయుదురు. అది కంటికి నిగనిగలాడు లోహమువలె దోచినను, పరారుణమునకు పారదర్శకము.

చిరకాలము యుద్ధశాఖల యధీనమున నున్న ఈ విద్య, 1965లో స్వీడనునందలి ఆగా సంస్థ విద్యుత్తు తీగల పరీక్షకై ఒక యంత్రమును వెలువరించుటతో పరిశ్రమలలో ప్రవేశించెను. నాటి యంత్రములలో కదలు అద్దములును పట్టకములును దృశ్యమును బిందువు వెంట బిందువుగా ఒక్క గ్రాహకముపైకి చేర్చుచుండెడివి. ఆ గ్రాహకము తన వేడిమిచేతనే కలత చెందకుండుటకై, సున్నకు దిగువ 196 డిగ్రీల ద్రవనత్రజనితో దానిని చల్లబఱుపవలసి యుండెను. ఈ భారమును దించినది, అమెరికాలో హనీవెల్ సంస్థ సైన్యమునకై రహస్యముగ రూపొందింపగా 1990 దశకమున బహిరంగమైన మైక్రోబోలోమీటరు. వెనేడియం ఆక్సైడు పూత గల సూక్ష్మఫలకములు, క్రింది సిలికానును తాకకుండ సన్నని కాళ్ళపై నిలిచి, సోకిన కిరణములకు కించిత్తు వేడెక్కగా వాని విద్యున్నిరోధము మారును. అట్టి ఫలకములు వేలకొలది కూడి ఒక్క చిత్రమగును. చల్లబఱుపవలసిన పని లేనందున యంత్రము చేతిలో ఇమిడినది.

ఒక సబ్‌స్టేషనులో మూడు ఫేజుల తీగలు మూడు క్లాంపులతో బిగింపబడి, మూడింటను ఇంచుమించు సమానమైన కరెంటు ప్రవహించుచున్నదనుకొందము. కంటికి మూడును ఒక్కతీరుననే యుండును. నడిమిదాని బోల్టు వదులై నిరోధము హెచ్చినచో, కెమెరాలో అది యొక్కటే తెల్లగా వెలుగును; తీగ వెంట దూరము పోయినకొలది ఆ వెలుగు క్రమముగ మందగించుట చూచి, దోషము ఆ క్లాంపుననే పుట్టినదని పరీక్షకుడు నిశ్చయించును. హెర్షెల్ పోలికకై నిలిపిన ఉష్ణమాపకముల పనిని ఇచట ఇరుప్రక్కల ఫేజులు నిర్వహించుచున్నవి.

అయితే ఈ యంత్రము గ్రహించునది వికిరణమే గాని ఉష్ణోగ్రత కాదు. మెఱుగు పెట్టిన రాగి బస్‌బారు తాను కాగుచున్నను స్వల్పముగనే వెలువరించి, ఎదుటి వస్తువుల వేడిమిని అద్దమువలె ప్రతిఫలించును. పరీక్షకుని దేహపు వేడిమియే అందు దోషమువలె భ్రమ గొల్పవచ్చును. అందులకే షట్‌డౌనులో అట్టి చోట ఇన్సులేషన్ టేపు ముక్కను ముందుగ అంటించి యుంచుట మేలు. టేపు తన వేడిమిని దాచదు.

కరెంటు నాపక, తీగను తాకక, దూరమున నిలిచి దోషమును పట్టగలుగుట లైన్‌మన్ ప్రాణమునకు ఎంతటి రక్షయో వేఱుగ చెప్పనక్కఱలేదు. క్లాంపులో పుట్టు వేడిమి కరెంటు వర్గము ననుసరించి పెరుగును గనుక, లోడు సగమైన వేళ అది నాలుగవ వంతునకు పడిపోయి దోషము మఱుగుపడును. కావున లోడు పూర్ణముగ నున్న వేళ పరీక్షించి, ఆ లోడెంతయో చిత్రముతోపాటు వ్రాసియుంచి, మరమ్మతు పిదప అంతటి లోడుతోనే ఆ క్లాంపును మరల చూచుట ప్రతి కర్మాగారమునకును విధి.