ఓడనెక్కిన తాతల జాడ

తండ్రి పేరు తెలియనివారుండరు. తాత పేరును పెక్కుమంది చెప్పగలరు. ముత్తాత పేరడిగినచో కొందరు తడబడుదురు. అతని తండ్రి పేరడిగినచో చెప్పగలవారు మిక్కిలి అరుదు. పితృతర్పణము విడుచునపుడు మూడు తరముల పేర్లను స్మరించుట మనలో ఆచారము. ఆ మూడు తరములు దాటిన పిదప వంశచరిత్ర చీకటిలో కలిసిపోవును. పుట్టిన ఊరిలోనే నివసించు కుటుంబముల సంగతియే ఇట్లుండగా, సముద్రములు దాటిపోయిన వారి సంతతికి తమ పూర్వుల ఊరును పేరును తెలిసికొనుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. అయినను అట్టి ప్రయత్నము చేసి సఫలులైన తెలుగువారు మారిషసు, దక్షిణాఫ్రికా, ఫిజీ దేశములలో కలరు. వారికి తోడ్పడినవి పాత కాగితములు. ఆ కాగితములెట్టివో, అవి ఏమి చెప్పునో, ఏమి చెప్పజాలవో తెలిసికొందము.

బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వమును రద్దుచేయు శాసనము 1833లో వెలువడెను. చెరకుతోటల యజమానులకు పనివారు కావలసివచ్చిరి. వారి చూపు భారతదేశముపై పడెను. 1834 నవంబరు 2వ తేదీన 36 మంది కూలీలతో 'అట్లాసు' అను ఓడ కలకత్తానుండి మారిషసు ద్వీపమును చేరెను. నాటినుండి సుమారు నాలుగున్నర లక్షలమంది భారతీయులు ఆ చిన్న ద్వీపమునకు పోయిరి. వారిలో తెలుగువారును కలరు. కాకినాడకు సమీపముననున్న కోరంగి ఆ కాలమున పేరుపొందిన రేవు. ఆ రేవు పేరునుబట్టి మారిషసులోని తెలుగువారికి 'కోరింగీ'లని పేరు వచ్చెను. 1860 నవంబరు 16వ తేదీన 'ట్రూరో' అను ఓడ మదరాసునుండి బయలుదేరినవారితో దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. 1911 వరకు నేటాలు రాష్ట్రమునకు పోయినవారు 1,52,184 మంది. అందు మూడింట రెండు వంతులవారు మదరాసున ఓడనెక్కినవారే. ఫిజీ దీవులకు 1879లో వలస ఆరంభమయ్యెను. దక్షిణాదివారు 1903 నుండి అచటికి పోసాగిరి.

వీరిలో పెక్కుమంది అయిదేండ్లు పనిచేయుదుమని ఒప్పందముపై వ్రేలిముద్రయో గుర్తో వేసి పోయినవారు. ఇంగ్లీషులోని 'ఎగ్రిమెంటు' అను మాట వారి నోట 'గిర్మిటు'గా మారెను. పంటలు లేక, అప్పులు తీరక, 1876-78 నాటి ధాత కరువువంటి కరువులకు తాళలేక పోయినవారు కొందరు. ఏజెంటుల తీపిమాటలకు లోబడినవారు మరికొందరు. తిరిగివచ్చినవారు కొందరుండిరి గాని, అచటనే నిలిచిపోయినవారు పెక్కుమంది. వారి మనుమలును మునిమనుమలును నేడు ఆ దేశముల పౌరులు.

ఓడనెక్కుటకు ముందు ప్రతి మనిషిని డిపోలో నిలువబెట్టి వివరములు వ్రాసికొనుచుండిరి. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము అని గడులుండెడివి. దేహముపైనున్న పుట్టుమచ్చలు, గాయపు గుర్తులు, పచ్చబొట్లు గూడ వ్రాసెడివారు. పిమ్మట ప్రతివానికి ఒక సంఖ్య నిచ్చెడివారు. ఈ వ్రాతలన్నియు ప్రేమతో వ్రాసినవి గావు. పనివాడు తోటనుండి పారిపోయినచో పట్టుకొనుటకును, జీతము లెక్క కట్టుటకును, గడువు ముగిసినదో లేదో చూచుటకును వ్రాసినవి. మనిషిని బంధించుటకు పుట్టిన ఆ పుస్తకమే నూరేండ్లు గడచిన పిదప ఆ మనిషిని అతని వారసులకు అప్పగించుచున్నది. ఇది చరిత్రలోని వింతలలో ఒకటి.

ఆ పుస్తకములలో పెక్కు నేటికిని భద్రముగా నున్నవి. మారిషసులోని మోకా పట్టణమున మహాత్మాగాంధీ సంస్థ కలదు. వలసవచ్చినవారి రిజిస్టరులును, 1860 తరువాతి కాలమున తీసిన వారి ఛాయాచిత్రములును అచట భద్రపరుపబడినవి. తన పూర్వుని ముఖమును అచటనే మొదటిసారి చూచిన మనుమలు కలరు. పోర్టులూయీ రేవులో వలసవారు దిగి మెట్లెక్కిన 'అప్రవాసీ ఘాట్'ను 2006లో ఐక్యరాజ్యసమితి విద్యావిజ్ఞాన సంస్థ ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. నేటాలు ఓడల పట్టికలును, ఫిజీ వలసపత్రములును ఆయా దేశముల అభిలేఖాగారములలో నున్నవి.

ఈ అన్వేషణకు మొదటి సూత్రము తెలిసినదానినుండి తెలియనిదానికి పోవుట. ముత్తాతను వెదకదలచినవాడు ముందుగా ముత్తాతతో ఆరంభింపరాదు, తనతో ఆరంభింపవలెను. తన జనన పత్రమున తండ్రి పేరుండును. తండ్రి జనన పత్రమునను వివాహ పత్రమునను తాత పేరుండును. ఇట్లు మెట్టుమెట్టుగా వెనుకకు నడచుచు ఓడ దిగిన మనిషిని చేరవలెను. మారిషసు, నేటాలులలో వలసవారి బిడ్డల జనన, వివాహ పత్రములపై వారి సంఖ్యను గూడ వ్రాయుట కలదు. ఆ సంఖ్య దొరకినచో తాళపుచెవి దొరకినట్లే. దానితో ఓడ పేరు తెలియును, దిగిన తేదీ తెలియును, ఊరి పేరు తెలియును. ఇంటిలోని పాత పెట్టెయు మరువరానిది. ఉత్తరము, పెండ్లి శుభలేఖ, పురాణగ్రంథపు అట్టపై వ్రాసిన జనన తిథి, ఛాయాచిత్రము వెనుకనున్న ఒక పంక్తి, వీనిలో నేదియు అల్పమైనది గాదు.

రెండవ చిక్కు పేర్లది. తెలుగు పేరును తెలుగు తెలియని గుమాస్తా విని, తనకు తోచిన అక్షరములతో ఇంగ్లీషున వ్రాసెను. అప్పలస్వామి 'అపల్సామి' అయ్యెను. నాయుడు 'నైడూ' అయ్యెను. ఒకే మనిషి పేరు ఒక పుస్తకమున ఒక విధముగను, మరియొక పుస్తకమున వేరొక విధముగను కనబడుటయు కలదు. కావున వెదకువాడు అక్షరములను గాక ధ్వనిని వెంబడింపవలెను. పేరును పైకి పలికి చూచుకొనవలెను.

ఇంతకంటె పెద్ద నష్టమొకటి జరిగెను. ఆ పట్టికలో ఇంటిపేరునకు గడి లేదు. తెలుగువానికి ఇంటిపేరే వంశపు గుర్తు. పేరునకు ముందు దానిని చెప్పనిదే మనము మనిషిని పరిచయము చేయము. అడుగని గుమాస్తా వ్రాయలేదు. వ్రాయనిది క్రమముగా మరపునబడెను. తండ్రి పేరో తాత పేరో తరువాతి తరములవారికి ఇంటిపేరై కూర్చుండెను. ఒక్క గడి లేకపోవుటచే ఎన్ని ఇండ్ల పేర్లు సముద్రము పాలయ్యెనో!

ఇట్టి చిక్కు తెలుగువారికే గాదు, ఇతరులకును కలదు. ఐరోపాఖండమున ఉత్తరపు కొననున్న నార్వే దేశమునుండి 1825 జూలై 4వ తేదీన 52 మందితో ఒక చిన్న ఓడ అమెరికాకు బయలుదేరెను. తరువాతి నూరేండ్లలో ఆ దేశమునుండి ఎనిమిది లక్షలమందికి పైగా అమెరికాకు పోయిరి. నార్వే పల్లెలలో ఆ కాలమున స్థిరమైన ఇంటిపేరు లేదు. లార్సు కుమారుడు ఓలె అయినచో అతడు 'ఓలె లార్సెన్'. అతని కుమారుడు పేడెర్ అయినచో 'పేడెర్ ఓల్సెన్'. తరము మారగనే పేరు మారును. దానికి తోడుగా వారు తాము నివసించు పొలము పేరును చేర్చుకొనుచుండిరి. పొలము మారినచో ఆ పేరును మారెడిది. అమెరికా చేరినవారిలో కొందరు తండ్రి పేరును, కొందరు పొలము పేరును ఇంటిపేరుగా నిలుపుకొనిరి. అందుచే అన్నదమ్ములకే వేర్వేరు ఇంటిపేర్లు వచ్చిన కుటుంబములు కలవు. అయినను వారి సంతతికి జాడ దొరకుచున్నది. ఏలయన ఊరి మతగురువు పుట్టినవారిని, పెండ్లాడినవారిని, మరణించినవారిని, ఊరు విడిచినవారిని గూడ తన పుస్తకమున వ్రాసియుంచెను. 1801లోనే దేశమంతట జనులను పేరుపేరున లెక్కించిరి. పొలము వెంట పొలముగా అందు కాపురమున్నవారి చరిత్రను తెలుపు గ్రామగ్రంథములను గూడ వారు ముద్రించుకొనిరి. మన గిర్మిటు కూలీని తోట లెక్కపుస్తకము గుర్తుంచుకొనెను. నార్వే రైతును అతని ఊరు గుర్తుంచుకొనెను. భేదమంతయు ఇందే కలదు.

మూడవ చిక్కు ఊరి పేరు. ఒక పత్రమున 'రాజంపేట' అని మాత్రమే యున్నదనుకొందము. అది ఏ రాజంపేట? కామారెడ్డి జిల్లాలో నొక రాజంపేట కలదు. కడప సీమలో మరియొక రాజంపేట కలదు. వలస కాలమున మొదటిది నిజాము రాజ్యములోనిది. రెండవది మదరాసు రాజధానికి చెందిన కడప జిల్లాలోనిది. ప్రక్క గడిలోని జిల్లా, తాలూకాలను చూడక ఊరి పేరు నొక్కదానినే నమ్మినవాడు తన తాత ఊరనుకొని వందల మైళ్ల దూరమున పరుల ఊరికి పోవును. ఆ గడులను గూడ తెలివితో చదువవలెను. కడప సీమలోని రాజంపేట ముఖ్యస్థానముగా గల తాలూకాకు నాడు పుల్లంపేట తాలూకా యని పేరు. శ్రీకాకుళము జిల్లా 1950లో ఏర్పడెను. అంతకు పూర్వపు పత్రములలో ఆ జిల్లా పేరు వెదకినచో దొరకదు. కామారెడ్డి జిల్లాయు 2016లో ఏర్పడినదే. ఊరు కదలకున్నను దానిపైనున్న జిల్లా పేరు మారుచునే యుండును. కాబట్టి పత్రము వ్రాసిన నాటి పటమును ప్రక్కనుంచుకొనవలెను.

నాలుగవది కాలగణన. మన పెద్దలు తేదీలకు బదులు సంవత్సర నామములను వ్రాసెడివారు. రౌద్రి నామ సంవత్సరమని యొక తాళపత్రమున నున్నచో అది ఏ రౌద్రి? అరువదేండ్ల కొకసారి ఆ పేరు తిరిగివచ్చును. 1860 రౌద్రియే, 1920 రౌద్రియే, 1980 రౌద్రియే. ఆ పత్రముననున్న మనుష్యుల వయస్సులను సరిచూచి ఏదియో నిర్ణయింపవలెను. సర్కారు భూమి లెక్కలలో ఫసలీ సంవత్సరములుండును. ఫసలీ సంఖ్యకు 590 చేర్చినచో ఆ సంవత్సరము మొదలైన క్రీస్తుశకము తెలియును. ఫసలీ 1310 అనగా 1900లో మొదలైన సంవత్సరము.

ఇన్ని చిక్కులను దాటి ఊరు చేరినవానికి కడపటి పరీక్ష ఊరిలోనే యెదురగును. అతని చేతిలో సంఖ్య కలదు, ఓడ పేరు కలదు, తండ్రి పేరు కలదు. ఊరిలోని వృద్ధుడు అడుగునది వేరు: 'మీ ఇంటిపేరేమి? మీ గోత్రమేమి?' సంఖ్యను ఊరు ఎరుగదు; ఇంటిపేరును పుస్తకము ఎరుగదు. ఈ రెంటికిని నడుమ వంతెన వేయునది కుటుంబపు జ్ఞాపకము. అవ్వ చెప్పిన కథలో దొర్లిన ఒక ఇంటిపేరు, పెండ్లినాటి గోత్రప్రవర, కులదేవత పేరు, జాతరపాట, వీనిలో నొక్కటి మిగిలియున్నను వంతెన నిలుచును. మన దేశమున వంశములను నోటనే నిలుపుకొనిన విద్యావంతులు గూడ కలరు. రెడ్ల గోత్రములను, వంశక్రమమును కంఠస్థముచేసి ఇంటింటికి వచ్చి చెప్పు పిచ్చుకుంట్లవారు అట్టివారు. ఊరి భూమి లెక్కలును సాక్ష్యమిచ్చును. తెలంగాణమున సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణి భూమి ఎవరి పేర నుండెనో తెలుపును. నిజాము కాలపు లెక్కలు ఉర్దూలో నుండుటచే వానిని చదువగలవారి సాయము కావలెను.

ఇందొక హెచ్చరిక చేయక తప్పదు. ఒకే ఊరిలో ఒకే పేరుగలవారు పలువురుండవచ్చును. కులమును పేరును మార్చి చెప్పి ఓడనెక్కినవారును కలరు. వయస్సు గుమాస్తా కంటి అంచనా మాత్రమే కావచ్చును. కావున ఒక్క సాక్ష్యముతో నిశ్చయింపరాదు. ఒకదానితో నొకటి సంబంధము లేని రెండు మూడు ఆధారములు ఒకే మాట చెప్పినపుడే అది నిజమని గ్రహింపవలెను. గొప్ప వంశమున పుట్టితిమను కోరికతో వెదకువాడు తనకు నచ్చిన తాతను కనుగొనును. నిజమైన తాతను కనుగొనజాలడు. నిజమైన తాత మట్టి త్రవ్వినవాడు, చెరకు నరికినవాడు. అతని చెమటయే మనుమల చదువునకు మూలధనమైనది. అందు సిగ్గుపడవలసినదేమియు లేదు.

వలస నేటితో ముగియలేదు. కామారెడ్డి, నిజామాబాదు, జగిత్యాల పల్లెలనుండి ఎందరో గల్ఫు దేశములకు పోవుచున్నారు. వారి పాసుపోర్టులు, ఉత్తరములు, ఛాయాచిత్రములు నేడు పనికిరాని పాత కాగితములుగ కనబడవచ్చును. నూరేండ్ల తరువాత పుట్టబోవు మనుమరాలికి అవియే నిధులు. నాటి గుమాస్తా ఇంటిపేరు వ్రాయలేదు. ఆ లోపమును నేటి బాలబాలికలు తమ ఇంట జరుగనీయరాదు. ప్రతి విద్యార్థియు ఇంటిలోని పెద్దలను అడిగి, ఇంటిపేరు, గోత్రము, నాలుగు తరముల పేర్లు, పుట్టిన ఊర్లు, అవ్వల పుట్టినిండ్లు ఒక పుస్తకమున వ్రాసియుంచుట మేలు. అవ్వల పుట్టినిండ్లను మరువరాదు. పురుషుల పేర్లతో నిండిన లెక్కలలో తొందరగా మాసిపోవునవి వారి పేర్లే. కాగితమునకు స్వల్పపు ఖర్చు, అడుగుట కొక గడియ. చెప్పగల పెద్దలు మాత్రము ఎల్లకాలము ఉండరు.